ర్యాంపు ఉందా? ఉంది. ఎక్కగలరా?

పోయినేడాది మా బాబాయిని పొలం కాగితాల పని మీద ఒక ప్రభుత్వ ఆఫీసుకి తీసుకెళ్లాను. ఏ ఊరో ఏ ఆఫీసో అనవసరం, మీ ఊళ్లో ఉన్నదీ ఇంచుమించు అలాగే ఉంటుంది. బాబాయికి చిన్నప్పుడే పోలియో వచ్చింది. యాభై ఏళ్లు చంక కర్రల మీద తిరిగీ తిరిగీ భుజాలు అరిగిపోయి, ఈమధ్యే చక్రాల కుర్చీలోకి మారాడు. ఆఫీసు ముందు ర్యాంపు ఉంది, పక్క గోడ మీద నీలం రంగులో వీల్‌చెయిర్ బొమ్మ కూడా వేశారు. పర్లేదే, ఇక్కడ బానే ఉంది అనుకుంటూ కుర్చీ తోశాను. సగం దాకా వెళ్లామో లేదో, కుర్చీ ముందు చక్రాలు లేచిపోయి బాబాయితో సహా నా మీదకి ఒరిగింది.

ఆ తర్వాత, పని అయ్యేదాకా ఖాళీయే కదా అని, ఆ ర్యాంపుని కొలిచాను. నేల నుంచి వరండా మూడున్నర అడుగుల ఎత్తు. ర్యాంపు పొడవు ఎనిమిది అడుగులు. కేంద్రం మార్గదర్శకాలు చెప్పే లెక్క 1:12, అంటే అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల దూరం ఉండాలి. ఆ లెక్కన అక్కడ కనీసం కావలసింది 42 అడుగులు, మధ్యలో ఆగి ఊపిరి తీసుకోడానికి సమంగా ఉండే చోటు అదనం. వాళ్లు కట్టింది పిల్లల పార్కులో జారుడుబండ.

ఈ పన్నెండు ఎందుకంటే, వెనక తోసేవాళ్లు లేకుండా తన చేతులతో తనే చక్రాలు తిప్పుకునే మనిషి ఎక్కగలగాలి. అంతకంటే నిటారుగా ఉంటే చేతుల్లో బలం చాలదు, కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. దిగడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే చక్రాన్ని ఆపాల్సింది అరచేతులే. అందుకే రెండు వైపులా రెయిలింగ్ ఉండాలని, అదీ కింద ఒకటి, పైన ఒకటి, రెండు ఎత్తుల్లో ఉండాలని, తలుపు కనీసం 90 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలని రాసి పెట్టారు. ఇందులో ఏదీ రాకెట్ సైన్స్ కాదు, మన ఇంజినీర్లకి తెలియనిదీ కాదు. మరి ఎనిమిది అడుగుల్లో ఎలా ముగించారు?

నాకు తోచిన జవాబు ఏంటంటే, వాళ్లని ఎవరూ వాలు గురించి అడగలేదు. ర్యాంపు ఉందా లేదా అనే అడిగారు. బడుల వివరాలు సేకరించే యూడైస్ ఫారం చూడండి. ర్యాంపు ఉందా, ఉంటే దానికి రెయిలింగ్ ఉందా, ఇవీ ప్రశ్నలు. అవును అని టిక్కు పెడితే ఆ బడి లెక్కలో చేరిపోతుంది, ఒక పిల్ల ఆ ర్యాంపు మీద నుంచి తరగతి గదిలోకి వెళ్లగలుగుతుందా అన్నది ఏ గడిలోనూ పట్టదు. కట్టే పని సంగతీ అంతే. పని కొలతలు ఎక్కించే పుస్తకం ఎం-బుక్‌లో పొడవు, వెడల్పు, మందం రాస్తారు, ఎన్ని క్యూబిక్ మీటర్ల కాంక్రీటు పడిందో లెక్క తేలుతుంది, దాని మీద బిల్లు అవుతుంది. ఎనిమిది అడుగుల ర్యాంపుకైనా బిల్లు ఆగదు.

చట్టం లేదా అంటే, ఒకటి కాదు రెండొచ్చాయి. 1995 వికలాంగుల చట్టంలోనే ప్రభుత్వ భవనాలకి ర్యాంపులు ఉండాలని ఉంది, కాకపోతే ఆర్థిక స్తోమత మేరకు అన్న మాట పక్కనే పెట్టారు, ఆ మాట చాటున ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆ సాకు తీసేశారు. నిబంధనలు వచ్చిన నాటి నుంచి 5 ఏళ్లలోగా, ఉన్న ప్రభుత్వ భవనాలన్నీ అందరూ వెళ్లగలిగేలా మార్చాలంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, అంటే గడువు 2022 జూన్‌తో అయిపోయింది. ఈ ఆఫీసుకి నేను వెళ్లింది ఆ గడువు దాటిపోయి చాలాకాలం అయ్యాకే. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల దాకా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. మీకు తెలిసిన ఆఫీసు ఏదైనా ర్యాంపు సరిగ్గా లేదని ఆ 10 వేలు కట్టిందా? నేనైతే వినలేదు.

కోర్టు కథ ఇంకా పొడుగు. రాజీవ్ రతూరి అనే చూపులేని వ్యక్తి 2005లో సుప్రీంకోర్టుకి వెళ్లారు, రోడ్లూ భవనాలూ రవాణా తనలాంటి వాళ్లకి అందుబాటులో ఉండాలని. పన్నెండేళ్ల తర్వాత 2017 డిసెంబరులో కోర్టు వరసగా ఆదేశాలిచ్చింది. అవి నేల మీద ఎంతవరకు అమలయ్యాయో చూసే పనిని, తర్వాత, మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని వైకల్య అధ్యయన కేంద్రానికి అప్పగించింది. ఆ నివేదికని ముందు పెట్టుకుని 2024 నవంబరు 8న ఇచ్చిన తీర్పులో అసలు మెలిక బయటపడింది. చట్టమేమో తప్పనిసరి అంటుంది, దాని కింద రాసిన 15వ నిబంధనేమో సలహాల్లాంటి మార్గదర్శకాల్ని చూపించి ఊరుకుంది. చెయ్యాలి అనే చట్టానికి చేస్తే మంచిది అనే నిబంధన ఎలా చెల్లుతుందని కోర్టు ఆ భాగాన్ని కొట్టేసి, తప్పనిసరి ప్రమాణాలు ఏవో తేల్చి 3 నెలల్లో రాయమని కేంద్రానికి చెప్పింది. పిటిషన్ వేసిన నాటి నుంచి ఆ తీర్పు నాటికి 19 ఏళ్లు.

ఇక ఆఫీసు గుమ్మం దాకా చేరడం ఇంకో యాత్ర. ఫుట్‌పాత్ అడుగున్నర ఎత్తు, ప్రతి ఇంటి గేటు దగ్గరా కారు కోసం తెగ్గొట్టి ఉంటుంది, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్. పార్కు గేటు దగ్గర బైకులు రాకుండా ఇనప గొట్టాలు పాతుతారు, వాటితో పాటు కుర్చీ కూడా రాదు. బైకులు మాత్రం ఎలాగోలా వస్తూనే ఉంటాయి. పసుపుపచ్చ గరుకు టైల్స్ చూసే ఉంటారు, గీతలుంటే ముందుకి నడవమని, చుక్కలుంటే ఆగమని అర్థం. జపాన్‌లో మియాకే సెయిచీ అనే ఆయన 1965లో తయారుచేశాడు, 1967లో ఒకాయమా నగరంలో తొలిసారి పరిచారు. చూపులేని మనిషి కర్రతోనో పాదంతోనో చదువుకునే దారి అది. మన దగ్గర కొన్నిచోట్ల ఆ గీతలు తిన్నగా కరెంటు స్తంభానికి తీసుకెళ్లి గుద్దిస్తాయి. పరిచినవాడికి అది డిజైను అనిపించింది, భాష అని తెలీదు.

అయితే వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది మన మంచితనం. నవ్వకండి. ఆ రోజు కుర్చీ ఒరగ్గానే ఎక్కడివాళ్లు అక్కడి నుంచి పరిగెత్తుకొచ్చారు. అటెండరు, జిరాక్స్ షాపు కుర్రాడు, ఎవరో రైతులు ఇద్దరు. "ఏం భయం లేదు పెద్దాయనా, మేమున్నాం" అంటూ నలుగురూ నాలుగు వైపులా పట్టుకుని కుర్చీతో సహా ఎత్తి వరండాలో దించారు. నిజంగా మనసున్న మనుషులు, దణ్ణం పెట్టాలి. కానీ పైకి లేచిన ఆ కొన్ని క్షణాలూ బాబాయి మొహం నేను చూశాను. ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసిన మనిషి, పెళ్లి పందిట్లో పల్లకీలా ఊగుతూ, ఎటు చూడాలో తెలియక కళ్లు మూసుకున్నాడు. ఆయన స్థానంలో ఓ ఆడమనిషి ఉంటే? ఎవరో తెలియని నలుగురు మగాళ్లు ఎత్తుకుంటామంటే ఒప్పుకోవాలా, లేక పని మానుకుని ఇంటికెళ్లాలా? మనం ఎత్తుకెళ్తాం కాబట్టే ర్యాంపు సరిగ్గా కట్టాల్సిన అవసరం ఎవరికీ రావడం లేదని నా అనుమానం. పోలింగ్ రోజు పోలీసులు ముసలివాళ్లని చేతుల మీద మోసుకొచ్చే ఫోటోలు మనకి ముచ్చట, ఆ బూత్‌కి దారి ఎందుకు లేదని ఆ ఫోటో కింద ఎవరూ అడగరు.

మామూలుగా వచ్చే ప్రశ్న ఇంకోటుంది: ఎంతమంది వస్తారండీ వీల్‌చెయిర్‌లో? ఎందుకు వస్తారు, రాలేకపోతుంటే. ఆ నెల మళ్లీ ఏదో సంతకం కావాలని కబురొస్తే బాబాయి వెళ్లనన్నాడు, మా చెల్లెలికి కాగితాలిచ్చి పంపాడు, రెండుసార్లు తిప్పి పంపారు. 2011 జనగణనలో దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. ఆ తర్వాత వచ్చిన చట్టం వైకల్యాల జాబితాని 7 నుంచి 21కి పెంచింది, కాబట్టి అసలు సంఖ్య ఇంకా పెద్దదే. దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అంటూ పేర్లు కూడా ఎన్నో వచ్చాయి. ర్యాంపు ఉంటే గర్భిణులకీ మోకాళ్ల నొప్పులవాళ్లకీ పనికొస్తుంది కదా అని సర్దిచెప్పేవాళ్లూ ఉంటారు, అది నిజమే, కానీ నాకు ఆ వాదన అంత నచ్చదు. ఒకళ్ల హక్కుకి పక్కవాళ్ల మోకాళ్లని పూచీగా చూపించాల్సిన ఖర్మ ఏంటి?

పాత భవనాల్లో స్థలం లేదంటారు. చాలాచోట్ల నిజంగానే లేదు, 42 అడుగులు మలుపులు తిప్పినా పట్టదు. అలాంటప్పుడు బల్లని కిందికి దించండి. జనంతో పనుండే కౌంటర్ని మొదటి అంతస్తు నుంచి నేల మీది గదిలోకి మార్చడానికి టెండరు అక్కర్లేదు, ఇద్దరు మనుషులూ ఒక మధ్యాహ్నమూ చాలు. కొత్త భవనాల సంగతి ఇంకా తేలిక. ప్రమాణాల ప్రకారం లేకపోతే ప్లానుకి అనుమతి ఇవ్వకూడదు, పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇవ్వకూడదు, అందులో కాపురం పెట్టనివ్వకూడదు అని 2016 చట్టం 44వ సెక్షన్ సూటిగానే చెబుతోంది. తాళం చెవి మున్సిపాలిటీ చేతిలోనే ఉంది.

నన్నడిగితే ఎం-బుక్‌లో ఒక్క వరస కలపాలి. కాంట్రాక్టరు చివరి బిల్లు పాస్ చేసే ముందు ఆ ఊళ్లోని వీల్‌చెయిర్ వాడే మనిషిని ఒకరిని, కర్రతో నడిచే చూపులేని మనిషిని ఒకరిని పిలిచి, దారిఖర్చులూ ఆ రోజు కూలీ ఇచ్చి, గేటు బయట వదిలెయ్యాలి. ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. వాళ్లు లోపలికెళ్లి కౌంటర్ దగ్గర సంతకం పెట్టి, బాత్రూమ్‌కి వెళ్లి, తిరిగి గేటు దాకా వస్తే బిల్లు. రాకపోతే పగలగొట్టి మళ్లీ కట్టాలి, కాంట్రాక్టరు ఖర్చుతోనే.