మీ 257 ఏళ్లు ఎక్కడ మొదలవుతాయో సెలవివ్వండి

మహారాజశ్రీ వెదురు వార్షికాల వారి దివ్యసముఖమునకు, నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అందామంటే తమరి కుశలం ఎవరిని అడగాలో తెలియడం లేదు. తమరు చైనాలోని వెయ్ రాజ్యంవారు వెదురు బద్దల మీద రాయించుకున్న ప్రాచీన చరిత్ర. సుంగ్ రాజుల కాలంలో మాయమైనప్పటి నుంచి తమరి నివాసం పరాయి పుస్తకాల వ్యాఖ్యానాల్లోనే కదా.

ఇప్పుడీ లేఖ ఎందుకంటే, “వెదురు వార్షికాల ప్రకారం” అని మొదలయ్యే వ్యాసం ఇంకొకటి వచ్చింది. ఏ వార్షికాలు? మింగ్ కాలంలో అచ్చయి ఇప్పటికీ తమరి పేరుతో చలామణీ అవుతున్న ప్రతా, లేక వ్యాఖ్యాతల ఉల్లేఖనల్లోంచి ఏరి కూర్చిన పాత ముక్కలా? రాసినవారు చెప్పరు. చదివినవారికి ఒక మధ్యాహ్నం గల్లంతు.

తమరి అదృష్టాన్ని తక్కువ చేయడం లేదు. క్రీ.పూ. 213లో చిన్ చక్రవర్తి మిగతా రాజ్యాల చరిత్రలన్నీ తగలబెట్టించినప్పుడు, తమరు వెయ్ రాజుగారి సమాధిలో భద్రంగా ఉన్నారు. మంట తప్పించుకున్నవారు తప్పించుకున్నట్టు ఉండక, దాదాపు ఐదు వందల ఏళ్లకు ఒక సమాధి దొంగ చేతిలో కాగడా అయ్యారు! నగల కోసం వెతుకుతూ వెదురు ముక్కలనే వెలిగించుకున్నాడట మహానుభావుడు. అది ఏ ఏడు జరిగిందో కూడా ఒక మాట మీద లేదు: క్రీ.శ. 279 అంటారు, 280 అంటారు, 281 అంటారు.

మిగిలిన ముక్కల్ని అప్పుడు ఏలుతున్న జిన్ వంశపు రాజధానికి తరలించారు. కట్టిన దారం చివికి వరస పోయింది. లిపి పాతది, చదవగలిగేవారు అరుదు. ఆస్థాన పండితుడు షున్ షూ బృందం కూర్చుని వాటిని తమ కాలపు అక్షరాల్లోకి ఎత్తిరాసింది. అదే సమాధిలో దొరికిన మరో పుస్తకం గురించి ఆయన ముక్కకు 40 అక్షరాలని రాసిపెట్టాడు. ఆ 40 గుర్తుంచుకోండి. 1986లో చరిత్రకారుడు ఎడ్వర్డ్ షాగ్నెసీ చూపించింది సరిగ్గా అంత పొడవున్న ముక్కనే: జౌ వంశపు ఛెంగ్ రాజు కట్టలో ఉండాల్సిన ఒక ముక్క తండ్రి వూ రాజు కట్టలో దూరిందని, దానివల్ల వూ మూడేళ్లు ఎక్కువ బతికాడని. ఇప్పటి ప్రతి మొత్తం మింగ్ వాళ్ల కల్పనే అని కొట్టిపారేసేవారికి అది గొంతులో వెలక్కాయ. ఆ ముక్క తప్పు చోట చేరాలంటే, కూర్చినవారి ముందు అసలు వెదురు ఉండి తీరాలి.

సరే, జౌ వంశం షాంగ్ వంశాన్ని (దానికే యిన్ అని మరో పేరు) ఎప్పుడు కూలదోసిందో తేల్చాల్సిన 257కి వద్దాం. 5వ శతాబ్దంలో సిమా చియెన్ చరిత్రకు వ్యాఖ్యానం రాసిన పెయ్ యిన్ తమరి మాటగా ఇచ్చిన వాక్యం: వూ రాజు యిన్‌ను నిర్మూలించినప్పటి నుంచి యూ రాజు దాకా 257 ఏళ్లు. యూ చచ్చింది క్రీ.పూ. 771లో. ఆ ఏడాదిని కూడా కలుపుకుని వెనక్కి లెక్కపెడితే 1027. హాయిగా ఉంది కదా? ఇప్పటి ప్రతి తెరవండి. అక్కడా 257 ఉంది! కానీ లెక్క మొదలయ్యేది యిన్ పతనం నుంచి కాదు, జౌ వారి తూర్పు నగరం లువోయీలో రాజ్యపాత్రలు ప్రతిష్ఠించిన ఏడాది నుంచి. దానికి ముందు ఇంకో 24 చేర్చి మొత్తం 281 చేశారు. అంటే 1051. పోనీ ఇది మింగ్ వాళ్ల అతితెలివి అందామా? 8వ శతాబ్దంలో పంచాంగ గణితం చేసిన యీషింగ్ కూడా తమరిని ఉటంకిస్తూ షాంగ్ మీద జౌ దండయాత్ర గెంగ్‌యిన్ సంవత్సరంలో మొదలైందన్నాడు. మన ప్రభవాదుల్లాగే అదీ అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చేదే. లెక్క కట్టండి, మళ్లీ 1051! ఆ సంవత్సరం పేరు వెదురు మీదే ఉందా, లేక ఎత్తిరాసినవారు పక్కన చేర్చుకున్న లెక్కా? తమరు నోరు విప్పరు.

2000లో ముగిసిన షియా-షాంగ్-జౌ కాలనిర్ణయ ప్రాజెక్టువారు రెండూ కాదని 1046 ఖాయం చేశారు. తమాషా ఏమిటంటే, జౌ వంశపు యీ రాజు మొదటి ఏట జెంగ్ అనే చోట రెండుసార్లు తెల్లవారిందన్న తమరి మరో ముక్కను మాత్రం కళ్లకద్దుకున్నారు. అది క్రీ.పూ. 899 నాటి సూర్యగ్రహణమట. గ్రహణానికి పనికొచ్చినవారు కూడికకు పనికిరాలేదు!

మిగతా ఫిర్యాదులు క్లుప్తంగా. పాత గ్రంథాల్లో ఉల్లేఖన చిహ్నాలు లేవు గనక తమరి మాట ఎక్కడ ఆగి వ్యాఖ్యాత మాట ఎక్కడ మొదలైందో ఊహించుకోవాలి. ప్రాచీన జిన్ రాజ్యం (సమాధి తవ్వినప్పటి జిన్ వంశం కాదు) భాగంలో నెలలు జౌ పంచాంగానికి రెండు నెలలు అటూ ఇటూ. ఏరి కూర్చిన సంకలనాలు కూడా ఒకటి కాదు: 1917లో వాంగ్ గువోవెయ్ చేసినది ఉంది, 1981లో ఫాంగ్ షిమింగ్, వాంగ్ షియూలింగ్ చేసినది ఉంది. ఏది చూశారో చెప్పకుండా పేజీ సంఖ్య ఇచ్చేవారికి వేరే నరకం ఉండాలి.

ఇక మర్యాద నా వల్ల కాదు. నువ్వు పూర్తిగా దొంగవైతే నిన్ను వదిలేసేవాళ్లం. కానీ వెయ్ రాజు హుయ్ 36వ ఏట మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టి ఇంకో 16 ఏళ్లు ఏలాడని చెప్పింది నువ్వే. సిమా చియెన్ ఆ 16 ఏళ్లూ కొడుక్కి కట్టబెట్టి, లెక్క సరిపోక లేని రాజునొకణ్ణి మధ్యలో ఇరికించాడు. షాంగ్ కాలపు యీ యిన్ పరమ భక్తుడైన మంత్రి అని అందరూ కీర్తిస్తుంటే, రాజు తాయ్ జియా అతన్ని చంపాడని కుండబద్దలు కొట్టిందీ నువ్వే. షాంగ్ పూర్వీకుడు వాంగ్ హాయ్ యౌయీ అనే తెగవాళ్ల దగ్గర హతమయ్యాడని వ్యాఖ్యాత గువో పూ నీ పేరు చెప్పి రాస్తే పుక్కిటి పురాణమనుకున్నారు. ఆన్‌యాంగ్‌లో దొరికిన షాంగ్ కాలపు సోది ఎముకల మీద ఆ పేరు చూపించి వాంగ్ గువోవెయ్ అందరి నోళ్లు మూయించాడు.

ఇంత తెలిసినవాడివి, ఒక్క కూడిక సరిగా అప్పజెప్పలేవా? 1027ఆ, 1051ఆ? ఏదో ఒకటి చెప్పి చావు.

ఇట్లు,
నీ ముక్కలు ఏరుకునేవారిలో ఒకరు