‘ఏజెన్సీ వాళ్ళు’ అనడం మానేద్దాం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి అమెరికా వచ్చి స్థిరపడ్డ మన ఇళ్ళల్లో ఇప్పుడు ‘ఏజెన్సీ’ అంటే రెండు అర్థాలు. ఇక్కడి కాలేజీలో మన పిల్లలకు అది మనిషి తన బతుకు గురించి తానే నిర్ణయం తీసుకోగల శక్తి. మనకేమో అది కొండ. ‘ఏజెన్సీ జ్వరం’ అంటాం. ‘పాపం, ఏజెన్సీలో పోస్టింగ్ పడిందట’ అంటాం.

ఈ మాటకు మూలం లాటిన్‌లోని ‘అగెరె’. చేయడం, నడిపించడం అని అర్థం. యాక్షన్, అజెండా కూడా దాని సంతానమే. ఇంగ్లీషులో ఏజెన్సీ అంటే తానుగా పనిచేసే శక్తి, ఇంకొకరి తరఫున పనిచేయడం కూడా. గ్యాస్ ఏజెన్సీ, ట్రావెల్ ఏజెన్సీ, న్యూస్ ఏజెన్సీ అన్నీ ఆ రెండో అర్థంలోవే. మన కొండలకు ఆ పేరు వచ్చిందీ అలాగే.

1830ల్లో గుంసూరు, పర్లాకిమిడి ప్రాంతాల్లో తిరుగుబాట్లు లేచాయి. వాటిని అణచడానికి కంపెనీ ప్రభుత్వం పంపిన జార్జ్ రసెల్ సిఫారసు మీద 1839లో 24వ నంబరు చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును మద్రాసు గవర్నరు ఏజెంటుగా పెట్టారు. సివిల్ తగాదా అయినా క్రిమినల్ కేసయినా ఆయన చేతిలోనే. ఏజెంటు ఏలుబడిలోని నేల కాబట్టి ఏజెన్సీ అయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి, ఆ కొండల్లో చాలా భాగం అటు వెళ్ళింది. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం వాటిని షెడ్యూల్డ్ ప్రాంతాలంది. మనం మాత్రం ఏజెన్సీ అనే అంటున్నాం.

కొండలను అలా పిలిస్తే నాకు పెద్ద అభ్యంతరం లేదు. మనుషులను ‘ఏజెన్సీ వాళ్ళు’ అనడమే బాధ. సవరలు, కోంధులు, గదబలు, జాతాపులు అందరూ ఒకే గంపలో పడిపోతారు. వాళ్ళు సంతకు మోసుకొచ్చిన చింతపండు, పసుపు, కొండచీపుర్లు బేరమాడి కొనుక్కున్న ఊళ్ళు మనవి. ఇన్ని తరాలు పక్కపక్కనే బతికి, వాళ్ళ పేర్లు మనకు నోరు తిరగకపోవడం ఏం న్యాయం?

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి వేదిక మీద చాలా వింటాం. ఆయన పర్లాకిమిడిలో మేస్టారుగా ఉంటూ సవర భాష పట్టుబట్టి నేర్చుకున్నారని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారని ఎంతమంది చెబుతారు? ఆ భాష వాళ్ళు కూడా ఊరికే కూర్చోలేదు. 1936లోనే మంగై గొమాంగో గారు ‘సొరంగ్ సొంపెంగ్’ అని సొంత లిపి తయారుచేశారు. ఇవాళ అది కంప్యూటర్లలో లిపులకు వాడే యూనికోడ్‌లో ఉంది.

ఇక నియమగిరి. ఆ కొండ మీద బాక్సైట్ తవ్వాలన్న ప్రయత్నం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అక్కడి జనం తమ దైవమైన నియమరాజు మీద, ఆ కొండ మీద చెప్పుకుంటున్న హక్కుల సంగతి గ్రామసభల ముందు పెట్టాలని 2013 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. రాయగడ జిల్లాలో ఏడు, కలహండి జిల్లాలో ఐదు గ్రామసభలు జరిగాయి. పన్నెండూ తవ్వకం వద్దన్నాయి. 2014లో కేంద్రం అనుమతి నిరాకరించింది. మన పిల్లలు క్లాసులో చదివే ఏజెన్సీకి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. అదీ మనం చిన్నచూపు చూసిన ఆ కొండల్లోనే. ఈ సంగతి పిల్లలకు మనమే చెప్పాలి.

మన పత్రికకు నా విన్నపం ఒకటుంది. వచ్చే ఆగస్టు సంచికలో గిడుగు వారి సవర కృషి మీద ఒక వ్యాసం వేయండి. ఊరి జ్ఞాపకాలు రాసి పంపేవాళ్ళు ‘ఏజెన్సీ వాళ్ళు’ అని రాసినచోట ఏ తెగవాళ్ళో, ఏ ఊరివాళ్ళో అడిగి రాయించండి. గుర్తులేకపోతే ఇంటికి ఫోన్ చేసి కనుక్కోమనండి. చెప్పగల పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు.