ఉదయపు నడకలో ఆరోగ్యం అంటకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

పొద్దున్నే పార్కుకు పోతే ఆరోగ్యం వచ్చి మీద పడుతుందేమోనన్న భయం మన పట్టణాల్లో కొందరిని ఇంకా వదల్లేదు. ఇది వట్టి అపోహ. హైదరాబాద్ కేబీఆర్ పార్కు కానివ్వండి, విజయవాడ రాఘవయ్య పార్కు కానివ్వండి, ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా వచ్చి, పొట్టలో ఒక్క అంగుళం కూడా పోగొట్టుకోకుండా ఇల్లు చేరుతున్న మహానుభావులు ప్రతి బెంచీ మీదా కనిపిస్తారు. ఇది గాలివాటంగా అబ్బే విద్య కాదు. దీనికి పద్ధతి ఉంది, కొలతలున్నాయి, గురుశిష్య పరంపర ఉంది. కొత్తగా చేరేవాళ్లు తెలియక ఆరోగ్యం పాలు కాకుండా ఆ పద్ధతిని ఇక్కడ విన్నవిస్తున్నాం.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం వేగం. నిమిషానికి 100 అడుగులు దాటాయంటే శరీరం దాన్ని వ్యాయామం కింద జమ వేసుకుంటుంది. అనుమానంగా ఉంటే 10 సెకన్లు లెక్కపెట్టండి. 16, 17 అడుగులు పడ్డాయా, గీత మీద ఉన్నట్టే. 10, 11 దగ్గర ఉంచుకుంటే క్షేమం. లెక్కలు గిట్టనివాళ్లకు నోటి పరీక్ష ఉంది. మాట్లాడటం వీలవుతూ, పాట పాడటం మాత్రం కష్టమైతే ఓ మోస్తరు వ్యాయామం జరుగుతున్నట్టు అని డాక్టర్లు చెబుతారు. మనవాళ్లు శంషాబాద్ అవతల గజం ధర దగ్గర ఎత్తుకుని, అల్లుడి వీసా మీదుగా, వచ్చే ఎన్నికల్లో టికెట్ ఎవరికో తేల్చేదాకా ఎక్కడా ఊపిరి తీసుకోరు. పాట సరే, పద్యం ఎత్తుకుని రాగం తీసినా ఆయాసం రాకూడదు. అదీ నడక.

నలుగురు ఒకే వరుసలో, బాట ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఆక్రమించి నడవడం ఉత్తమం. వెనక ఎవడైనా కుర్రాడు విసవిసా వస్తుంటే వాడి ఆరోగ్యాన్ని కూడా మనమే ఆపగలం. అసలు సంగతి చెప్పే చోట మాత్రం నిలబడాలి. గజం ధర నడుస్తూ చెప్పే మాట కాదు కదా! వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. రోజుకు గంట చొప్పున మనం పార్కులో వారానికి 420 నిమిషాలు గడుపుతున్నాం. దాదాపు మూడింతలు! ఆ సంస్థ బెంచీ మీద కూర్చున్న సమయాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం వాళ్ల సంకుచితత్వం.

ఇక 10,000 అడుగుల మహామంత్రం. ఇది ఏ వైద్య గ్రంథంలోంచీ ఊడిపడలేదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడు, అంటే 1965లో, ఒక జపాన్ గడియారాల కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్ముతూ దానికి ‘మాన్‌పో కెయ్’ అని పేరు పెట్టింది. పదివేల అడుగుల మీటరు అని అర్థం. పేరు బాగుంది, అంకె గుండ్రంగా ఉంది, ప్రపంచం నమ్మేసింది. సగటు వయసు 72 ఉన్న అమెరికా మహిళల మీద జరిగిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువనీ, 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదనీ అది తేల్చింది. ఇలాంటివి పార్కులో చదవకండి. 4,400 అడుగులంటే మూడు కిలోమీటర్ల చిల్లర. అంత తేలికైతే అందరూ చేసేస్తారు. 10,000 ఉంటేనే ‘మనవల్ల కాదులే’ అని గౌరవంగా విరమించుకునే వీలు.

పట్టుదల ఉన్నవాళ్లకు అడుగులు లెక్కపెట్టే చేతి గడియారం ఉంది. అది చూసేది కాలిని కాదు, చేతి ఊపుని. చపాతీలు ఒత్తితే అడుగులు, భజనలో చప్పట్లు కొడితే అడుగులు. ఆ చేతినే జేబులో పెట్టుకుని నిజంగా నడిస్తే మాత్రం సరిగా లెక్కపెట్టదు. నిజాయితీపరులకు ఈ లోకంలో చోటు లేదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

బూట్ల సంగతి రెండు ముక్కల్లో. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కనుక బూట్లు సాయంత్రం పూటే, మేజోళ్లు వేసుకుని కొలిచి కొనాలని, పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలని తెలిసినవాళ్లు అంటారు. కాబట్టి మీరు పొద్దున్నే, వట్టి కాళ్లతో, బిగుతుగా ఉన్నవి కొనండి. వారంలోగా మడమ మీద బొబ్బ, బొటనవేలి గోరు కింద నల్లమచ్చ ఖాయం. రెండు వారాల సెలవు ఎవరూ కాదనలేరు.

ఇక అసలు ఘట్టం, పార్కు గేటు బయట ఉంటుంది. నడకంటే టిఫిన్‌కు లైసెన్సు. ఇందులో లెక్క తప్పకూడదు. 70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల చొప్పున అరగంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120 కేలరీలు. అందులో 35 దాకా ఇంట్లో కుర్చీలో కూర్చున్నా ఖర్చయ్యేవే. మిగిలిన నికర సంపాదన 85. ఒక టీస్పూను నూనె 40. అంటే మన అరగంట చెమట, రెండు టీస్పూన్ల నూనెకు సరి. ఆ రెండు స్పూన్లూ నెయ్యి కారం దోసె మీద పెనం దిగకముందే పడిపోతాయి. దోసె, దాని లోపలి ఆలుగడ్డ కూర, కొబ్బరి పచ్చడి, ‘ఇంకో గిన్నె వెయ్యి తమ్ముడూ’ అని అడిగి వేయించుకున్న పల్లీ పచ్చడి, ఇవన్నీ లాభం కింద ఇంటికి తెచ్చుకోవచ్చు. ఆ పైన రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్, అందులో చక్కెర ఒక్కటే మరో 30 పైన. వారానికి ఆరు రోజులు ఈ వ్యాపారం నిలకడగా చేస్తే బరువు తగ్గదు సరికదా, ఉగాదికి కొత్త బెల్టు కొనుక్కోవాల్సి వస్తుంది. అప్పుడు ‘ఇంత నడుస్తున్నా తగ్గడం లేదండీ, మాది వంశమే అంత’ అనాలి. పితృదేవతలు ఎదురు చెప్పరు.

దోసె వద్దనుకునే బలహీనులకు పక్కనే రసాల బండి ఉంది. కాకర, బీట్‌రూట్, క్యారెట్, గోధుమ గడ్డి. పీచంతా వడగట్టి చెత్తబుట్టలో వేసి, మిగిలిన నీళ్లు మనకిస్తారు. పార్కు మొత్తంలో పీచు పుష్కలంగా దొరికే చోటు ఆ చెత్తబుట్టే.

ఎండ గురించి కూడా చెప్పాలి. డి విటమిన్ కోసమని 5:30కే బయల్దేరే భక్తులున్నారు. తలకు మంకీ క్యాప్, చేతులకు పూర్తి చొక్కా, ఆకాశంలో ఇంకా రాని సూర్యుడు. మన నీడ మన పొడవు కంటే పొట్టిగా ఉన్నప్పుడే చర్మంలో డి విటమిన్ తయారుచేసే కిరణాలు నేలకు తగినంత అందుతాయి. మన అక్షాంశాల దగ్గర అది 11 నుంచి 2 దాకా. అప్పుడు మనం ఏసీలో, తెర వేసుకుని ఉంటాం కనుక భయం లేదు.

గేటు దగ్గర టేబుల్ వేసి ఉచితంగా బీపీ చూస్తుంటారు. దీన్ని తప్పక వాడుకోవాలి. సరైన కొలత కావాలంటే అంతకు అరగంట ముందు నుంచి టీ, నడక ఉండకూడదు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి. కాళ్లు నేల మీద, చెయ్యి గుండె ఎత్తున, పట్టీ వట్టి చర్మం మీద, నోరు మూసుకుని. మనం చెమటతో వచ్చి, చొక్కా మీదే పట్టీ కట్టించుకుని, చెయ్యి వేలాడేసి, కాలు మీద కాలేసుకుని, పక్కనున్న బావగారితో నీళ్ల టాంకర్ గొడవ చెబుతూ కొలిపించుకుంటాం. ఎంత వస్తే అంత. ఎక్కువొస్తే ‘ఇప్పుడే నడిచొచ్చా కదా’, తక్కువొస్తే ‘చూశావా, నడక మహిమ’. రెండింటికీ మందు అక్కర్లేదు.

ఇన్ని జాగ్రత్తల మధ్య ఒకే ఒక చోట కోట గోడకు కంత ఉంది. రాత్రి భోజనమయ్యాక పది, పదిహేను నిమిషాలు వసారాలోనో వీధి చివరిదాకానో నడవడం. అన్నం తిన్న అరగంట, గంటలో రక్తంలో చక్కెర ఎగబాకుతుంది. సరిగ్గా అప్పుడు నడిచే కాలి కండరాలు దాన్ని నేరుగా రక్తంలోంచే లాగేసుకుంటాయి, ఆ పనికి ఇన్సులిన్ కోసం అంతగా ఎదురుచూడవు. బూట్లక్కర్లేదు, గడియారం అక్కర్లేదు, దోసె బండి అప్పటికి కట్టేసి ఉంటుంది. చాలా ప్రమాదకరం. ‘భుక్త్వా శతపదం గచ్ఛేత్’, తిన్నాక నూరడుగులు వేసి, ఆ తర్వాత ఎడమ పక్కకు తిరిగి పడుకోమని పెద్దలు ఏనాడో చెప్పారు. మనం సంప్రదాయాన్ని గౌరవించేవాళ్లం కనుక రెండో సగాన్ని వామకుక్షి పేరుతో భద్రంగా కాపాడుకుంటూ వస్తున్నాం.

అయినా ఎవరైనా తెగించి, లుంగీ మడిచి కట్టుకుని రాత్రి తొమ్మిదికి వీధిలోకి దిగారే అనుకోండి. రెండిళ్లు దాటకముందే ఎవరో ఒకరు గేటు మీద చేతులానించి అడుగుతారు: ‘ఏం బాబాయ్, ఇంట్లో ఏమన్నా గొడవా?’