తుప్పుగారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ తుప్పుగారి దివ్యసముఖానికి,

రాయగడ నుంచి ఒక రిటైర్డు తెలుగు మాస్టారు నమస్కరించి చేయు విన్నపములు. ఇక్కడ మేము క్షేమం. మీ క్షేమం మీరు ప్రత్యేకంగా తెలియజేయనవసరం లేదు. మొన్న బండి మెట్టు మీద కాలు పెడితే, మీరు ఎంత పుష్టిగా ఉన్నారో నా మడమకే తెలిసింది.

మన ఉమ్మడి ఆస్తి గురించి నాలుగు మాటలు మాట్లాడుకోవాలి. ఆర్సీలో పేరు నాది. డ్రైవరు తలుపు కింది అంచు, వెనుక చక్రాల మీది రేకు, నీళ్ల ట్యాంకును మోసే దూలం మీవి. ఒకప్పుడు సీట్ల నిండా పెళ్లివారిని మోసిన మినీబస్సు అది. నాకన్నా ముందున్న యజమాని సీట్లన్నీ పీకించి, రెండు పడకలు, గ్యాస్ పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి పెట్టించి దాన్ని చక్రాల మీద ఇల్లుగా మార్చాడు. అమ్మినప్పుడు బండితో పాటు మిమ్మల్ని కూడా అప్పగించాడు. మీ సంగతి మాత్రం అమ్మకం కాగితంలో ఎక్కడా రాయలేదు.

ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకంటే, బరంపురం నుంచి మా బావమరిది ఒక రంగుల పుస్తకం పట్టుకుని దిగాడు. నిండా కొత్త కారవాన్‌ల బొమ్మలు. ఒక పేజీలో తెల్లటి బండి, దాని పక్కన మడత కుర్చీల్లో ఒక జంట, చేతుల్లో కాఫీ కప్పులు. ఇద్దరి కాళ్లకూ బురద లేదు. ఆ జంటను జులై నెలలో లక్ష్మీపూర్ ఘాటీలో చూడాలని నాకు ఎంతో కోరికగా ఉంది.

“బావా, ఆ డొక్కు మీద ఏటా పోసేది కూడబెట్టి ఉంటే ఈపాటికి ఇది మన వాకిట్లో ఉండేది” అన్నాడు.

మా ఆవిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్లి పద్దుల పుస్తకం తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టింది. అది తిరగేశాక నాకు కాసేపు నోట మాట రాలేదు. పాత బండి ఎప్పుడూ పెద్ద మొత్తం అడగదు. ఈ నెల క్లచ్ ప్లేటు, పై నెల నాజిళ్లు, దసరాకు కమాను పట్టీలు. అడిగిన ప్రతిసారీ ఇదే ఆఖరని ఒట్టు వేస్తుంది. అప్పు ఇచ్చేవాడికైనా గుర్తుంటుంది గానీ, ఇలా చిల్లరగా పోయిన డబ్బు ఎవరికీ గుర్తుండదు. పాత బండే చవక అని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పేవాడెవడైనా ఉంటే, వాడి ఇంట్లో పద్దులు రాసేవారు లేరని అర్థం.

అయితే కొత్త బండి పద్దు సంగతేమిటి? కొత్తొక వింత, పాతొక రోత అన్నారు పెద్దలు. ఆ పెద్దలు బీమావారి తరుగుదల పట్టిక చూసి ఉండరు. మన దేశంలో వాహనానికి బీమా విలువ కట్టే పద్ధతి ప్రకారం ఆరు నెలల లోపే 5 శాతం తరుగు. ఏడాదికి 15, రెండేళ్లకు 20, ఆ పైన ఏటా మరో పది చొప్పున పెరిగి అయిదేళ్లు నిండేసరికి 50 శాతం. బండిని షెడ్డులో పెట్టి దుప్పటి కప్పినా తరుగు తరుగే. తుప్పుగారూ, మీరు ఎంత ఆకలి మీద ఉన్నా అయిదేళ్లలో సగం బండిని తినలేరు. అది చేతకావాలంటే మీరు గాలి, నీరు మానేసి కాగితాల మీద బతకడం నేర్చుకోవాలి. మా బండి ఆ పట్టికలోని ఆఖరి గడి దాటి చాలా కాలమైంది. ఇక దాని ధర ఎంత పడిపోయినా నాకు నిద్ర పడుతుంది.

మిమ్మల్ని నేను ముఖాముఖి కలుసుకున్నది సాలూరులో. సరిహద్దుకు అటు లారీల ఊరు ఏదంటే చిన్నపిల్లవాడైనా సాలూరనే చెబుతాడు. బాడీ కట్టేవాళ్లు, పట్టీలు సాగదీసేవాళ్లు, వైరింగ్ చేసేవాళ్లు, బండి వెనుక నెమళ్లు వేసేవాళ్లు అందరూ దొరుకుతారు. అక్కడి వెల్డరు కుర్రవాడు నేను చెప్పేదేమీ వినలేదు. జేబులోంచి పాత స్పీకరుది ఒక అయస్కాంతం ముక్క తీసి, తలుపు కింది అంచుకు అంటించి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. ఒక జానెడు దూరం కరుచుకుని ఉంది. ఆ తరువాత జారి నేల మీద పడింది. తీసి మళ్లీ అక్కడే పెట్టాడు. మళ్లీ పడింది.

“మాస్టారూ, ఇక్కడ బండి లేదు, పుట్టీ ఉంది” అన్నాడు.

స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే రంగు పెచ్చు లేచింది. దాని కింద పుట్టీ, పుట్టీ కింద అప్పడాల కట్టలా పొరలు పొరలుగా తమరు. ఇనుము తుప్పుగా మారితే అంతకుముందున్న దానికి కొన్ని రెట్లు చోటు ఆక్రమిస్తుంది. రంగు అక్కడక్కడా ఎందుకు ఉబ్బిందో అప్పుడు తెలిసింది. పైన పటారం, లోన లొటారం. కానీ ఆ పటారం మీ పని కాదని ఒప్పుకోవాలి. మీరు ఏనాడూ దాక్కోలేదు. ఎర్రగా, బాహాటంగా, ‘ఇక్కడ తడి ఉంది నాయనా’ అని చెబుతూనే ఉన్నారు. మీ నోరు నొక్కి మీద రంగు కొట్టింది మనుషులు.

తడి ఎక్కడిదని వెతికితే కిందికి కాదు, పైకి ఎక్కాల్సి వచ్చింది. కప్పు మీద గాలి కోసం కోసిన చిన్న కిటికీ చుట్టూ ఎవరో సిలికాన్ పూశారు. అది ఎండకు ఒక పక్క లేచింది. అక్కడ దిగిన వాన లోపలి దూలం వెంట నడిచి, రెండు బారల దూరంలో అలమర వెనుక బయటపడింది. దారిలో కనబడ్డ ప్లైవుడ్‌ను మెత్తటి అటుకులు చేసింది. ఆ కుర్రవాడు మరో మాట చెప్పాడు. సిలికాన్ ఒకసారి పూస్తే దాని మీద మరేదీ సరిగా అంటుకోదట. మొత్తం గీకి, తుడిచి, ఆరబెట్టి, కింద బ్యూటైల్ టేపు వేసి, పైన పాలీయురేథేన్ సీలెంటు పూయాలి. గీకడం ఎవరికీ ఇష్టం ఉండదు. అందుకే లోకంలో సిలికాన్ మీద సిలికాన్ పెరుగుతూ పోతోంది.

మోటారు ఇళ్లు ఇంజను పోయి చావవు. ఇంజను విప్పవచ్చు, బోరు చేయించవచ్చు, కావాలంటే మార్చవచ్చు. అవి కప్పు కారి చస్తాయి. కాబట్టి కొత్తదా, పాతదా అని ఎవరైనా నన్ను అడిగితే ఓడోమీటరులో కిలోమీటర్లు చూడవద్దంటాను. వాన వెలిసిన మర్నాడు వెళ్లి, అలమర తలుపు తీసి, లోపల తల దూర్చి వాసన చూడమంటాను. ముక్కిన వాసన వస్తే అది నిన్నటి బండి అయినా వద్దు. పొడిగా ఉండి, చాసిస్, అంటే కింది చట్రం, దూలాలు సుత్తి దెబ్బకు ఖంగుమంటే పాతదైనా దాని మీద డబ్బు పెట్టవచ్చు.

అలా పెట్టేవాళ్లు కూడా ముందు పరదాల మీద పెడతారు. మా ఇంట్లోనూ ఆ చర్చ జరిగింది. “ఏమండీ, నెత్తిన నీళ్లు కారుతుంటే కిటికీకి పట్టు ఎందుకండీ?” అన్నది మా ఆవిడ. పరదాలు వాయిదా పడ్డాయి. పుచ్చిన చెక్క తీసేసి వడ్రంగి చేత 710 ప్లై వేయించాం. మామూలు ప్లై కన్నా ఖరీదే గాని నీటికి తట్టుకుంటుంది. తలుపు కింది అంచు కోయించి కొత్త రేకు అతికించి, రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు పూయించాం. ఆ రోజు మీ బంధువర్గం చాలా నష్టపోయింది. సంతాపం తెలియజేయడం ఆలస్యమైంది, క్షమించగలరు.

ఆ తరువాతే బ్యాటరీ. పాత ట్యూబులర్ బ్యాటరీని సగానికి మించి వాడుతూ పోతే దాని ఆయుష్షు కరిగిపోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 శాతం దాకా వాడుకున్నా భయం లేదు, బరువు కూడా సగానికన్నా తక్కువ. కానీ దాన్ని తెచ్చి, ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే పాత ఆల్టర్నేటరుకు నేరుగా తగిలిస్తే, అది లాగే కరెంటుకు ఆల్టర్నేటరు వేడెక్కి మాడిపోవచ్చు. మధ్యలో ఆ కరెంటును అదుపులో ఉంచే డీసీ-డీసీ చార్జరు ఉండాలి. షాపువాళ్లు బ్యాటరీ గురించి అరగంట చెబుతారు, ఈ చార్జరు గురించి అడిగితేనే చెబుతారు. హాలొజెన్ దీపాలు తీసేసి ఎల్ఈడీలు వేయడంతో బ్యాటరీ మీద భారం చాలా తగ్గింది. శివరాత్రికి గుప్తేశ్వర్ వెళ్లినప్పుడు రాత్రంతా ఫ్యాను తిరిగింది. రంగుల పుస్తకంలోని జంటకు ఇంతకన్నా గొప్ప సుఖం ఏముంటుందో నాకు తెలియదు.

పొయ్యి కింద నేలలో ఒక రంధ్రం ఉంది చూశారా? దాన్ని మేము పూడ్చలేదని మీరు లోలోపల సంతోషిస్తున్నారేమో. అది పూడ్చేది కాదు. వంటగ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే కిందికే దిగుతుంది. అది బయటికి పోవడానికే ఆ దారి. చుట్టూ మీరు అల్లుకున్నంత మాత్రాన దాని మీద మీకు హక్కు రాదు.

బావమరిదికి కూడా న్యాయం చేయాలి. సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి, అదే దారిలో దిగేటప్పుడు కొత్త బండి బ్రేకుల విలువ తెలుస్తుంది. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ మా దానికి లేదు. ఎక్కిన గేరులోనే దిగాలనే పాత డ్రైవర్ల మాటే దానికి ఏబీఎస్. ఇక పొగ. వెనుక మోటారుసైకిలు మీద వచ్చేవాడి ముఖం అద్దంలో చూసినప్పుడు నాకు సిగ్గు వేస్తుంది. పంపు సర్దించినా, ఎయిర్ ఫిల్టరు మార్చినా కొంత తగ్గిందే గాని పోలేదు. 2020 ఏప్రిల్ నుంచి కొత్త పొగ నిబంధనల ప్రకారం వచ్చిన బీఎస్-6 బండ్లకు ఆ సిగ్గు లేదు. వాటికి మసి పట్టే వడపోత ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా పరుగెత్తాలి. మా వైపు మలుపులు, మేకలు, సంత రోజున నడిరోడ్డు మీద మనుషులు. పరుగెత్తనిచ్చేదెవరు? డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగితే కంప్యూటర్ పెట్టి చూసేవాడి కోసం బరంపురమో విశాఖపట్నమో పోవాలి. మా పాత ఇంజనుకు రోగమొస్తే చెట్టు కింద మెకానిక్ చెవి ఆనించి చెబుతాడు. పొగ విషయంలో మాత్రం బావమరిదిదే గెలుపు.

మీకు కాగితాలతో పని లేదు, అదృష్టవంతులు. మా బండి మొదట ఏపీ 35, విజయనగరం నంబరు. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. నిరభ్యంతర పత్రం, పన్ను, పరీక్ష అన్నీ అయ్యాక అది ఓడీ 18గా మారింది. పొట్టంగి పక్కనున్న కొఠియా పల్లెల కోసం రెండు రాష్ట్రాలూ దశాబ్దాలుగా కోర్టులో తగువు పడుతున్నాయి. మా బండి మాకివ్వండని ఏ రాష్ట్రమూ కోర్టుకు వెళ్లలేదు. మీరు మాత్రం ఏ పత్రమూ లేకుండా దర్జాగా సరిహద్దు దాటి వచ్చేశారు.

ఇంకో సంగతి. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని అదే చట్టం 52వ సెక్షన్ మీద 2019లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఇవాళ మరో మినీబస్సు కొని సీట్లు పీకి ఇల్లు కట్టిస్తానంటే అంత సులువుగా కుదిరే పని కాదు. మా పాత ఆర్సీలో కారవాన్ అనే మాట ముందే ఎక్కి ఉంది. ఆ ఒక్క మాట కోసమే ఈ బండిని ఇన్నాళ్లు భరించానని మా ఆవిడకు అనుమానం.

బావమరిది చివరి అస్త్రం తుక్కు విధానం. 2021 ఆగస్టు 13న దేశానికి పరిచయం చేసిన పథకం అది. సొంత బండిని తుక్కుకు ఇచ్చి ఆ ధ్రువపత్రం చూపితే కొత్తదాని రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీ. పాతదాన్ని ఉంచుకునేవాడికి వాత. పదిహేనేళ్లు దాటిన కారు వంటి బండి రిజిస్ట్రేషన్ పొడిగించడానికి ఒకప్పుడు 600 రూపాయలుండేది, 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. అయిదేళ్లకోసారి మళ్లీ అదే తంతు. వాతకు భయపడి ఇల్లు ఖాళీ చేయాలా? 1982లో ఎన్టీఆర్ పాత షెవ్రొలె వ్యానును బాగుచేయించి, చైతన్య రథమని పేరు పెట్టి, అందులోనే పడుకుంటూ, రోడ్డు పక్క స్నానాలు చేస్తూ రాష్ట్రమంతా తిరిగారు. కొత్తది కొనే స్తోమత లేకనా? ఈ మాటకు బావమరిది, “ఆయనకు డ్రైవింగుకు హరికృష్ణ ఉన్నాడు, నీకెవరున్నారు?” అన్నాడు. అదీ నిజమే.

అందుచేత తుప్పుగారూ, బండి అమ్మడం లేదు, మీరూ వెళ్లరు. ఇక వాటాలు తేల్చుకుందాం. ముందు కుడి చక్రం వెనుక, చాసిస్ దూలం మీద కొన్ని అంకెలు చెక్కి ఉన్నాయి. రిజిస్ట్రేషన్ పొడిగింపుకు బండిని చూపించే రోజున వాటి మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీస్తారు. అచ్చు రాకపోతే నేను నేను కాను, బండి బండి కాదు. అక్కడ గ్రీజు దట్టంగా పూసి ఉంచాను. అయినా మీరు ఒక మూల నుంచి మొదలుపెట్టినట్టున్నారు. చివరి 8 ఎడమ పక్క కొరికి 3 లాగా చేస్తున్నారు. దయచేసి అక్కడితో ఆపండి. బదులుగా వెనుక బంపరు మొత్తం మీకే రాసిస్తాను. సంతకం ఎక్కడ పెట్టమంటారో తెలియజేయగలరు.

ఇట్లు,
ఆర్సీలో మాత్రమే యజమాని,
రాయగడ