అరిగిన చక్రం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ, నా బొమ్మ ఆవిరి ఇంజను వెనక ఇరుసు మీద ఇన్నాళ్లూ కొలువున్న చక్రం గారికి, విజయవాడ సత్యనారాయణపురం నుంచి అనేక నమస్కారాలతో రాయునది.

ఒకప్పుడు నిజం రైళ్లు తిరిగిన పట్టాలు పోయి బస్సుల కోసం బీఆర్టీఎస్ రోడ్డు వచ్చిన ఈ పేటలో, మా భోజనాల బల్ల మీద రైల్వేను ఇంకా నిలబెట్టినవారు తమరే. మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లను బొమ్మ కోసం 1:76 కొలతకు, అంటే 76వ వంతుకు, దించితే 22 రావాలి, తమరు 16.5 తోనే సరిపెట్టుకుంటే ఎవరూ లెక్క అడగలేదు. కానీ తమరి నికెల్ పూత అరిగి, లోపలి ఇత్తడి బయటపడి, దానికి నల్లటి మడ్డి పట్టాక, పట్టాల్లోని 12 వోల్టుల కరెంటు మోటారుకు చేరడం కేవలం తమరి దయ మీద ఆధారపడింది. ఇంజను జానెడు దూరం వెళ్లి ఆగుతుంది. నేను చూపుడు వేలితో నెడతాను. తమరు ఇంకో జానెడు కరుణిస్తారు. మా ఆవిడ దాన్ని రైలుబండి అనడం మానేసి తోపుడు బండి అంటోంది.

తమరిని ఆటోనగర్‌కు తీసుకువెళ్లిన రోజు మరువలేను. లారీ ఇరుసులు తిరిగే లేత్ ముందు నిలబడి, అగ్గిపెట్టెలోంచి మూడు మిల్లీమీటర్ల పైచిలుకు ఇరుసును తీసి చూపిస్తే, మేస్త్రీ గారు "బండి ఎక్కడుందండీ?" అని నా వెనక్కు చూశారు. పనితనానికి వంక పెట్టలేము. చక్రానికీ ఇరుసుకూ మధ్యనున్న ప్లాస్టిక్ బుష్‌ను చెత్త అనుకుని తీసేసి, లోహానికి లోహం బిగించి, లారీకైతే తరతరాలు చెల్లే పని చేసి ఇచ్చారు. ఆ బుష్ లేకపోతే ఒక పట్టా కరెంటు ఇరుసు గుండా రెండో పట్టాకు దాటి షార్ట్ అవుతుందని ముందే చెప్పకపోవడం నా తప్పు.

చివరికి కొత్త జత తెప్పించాను. చక్రాల వీపుల మధ్య 14.5 మిల్లీమీటర్లు ఉన్నాయని వెర్నియర్ పెట్టి మరీ మురిశాను. అయితే చక్రాల మీద రాడ్లు తగిలించే ఎడమ క్రాంక్ పిన్నుకూ కుడి క్రాంక్ పిన్నుకూ 90 డిగ్రీల తేడా ఉండాలనీ, అది అన్ని ఇరుసుల మీదా ఒకేలా లేకపోతే చక్రాలను కలిపి తిప్పే కప్లింగ్ రాడ్లు పట్టేస్తాయనీ పుస్తకంలో చదివిన నాకు, చక్రాన్ని నొక్కే క్షణంలో ఆ ముక్క గుర్తుకు రాలేదు. ఇప్పుడు ఇంజను ఆగదు గానీ, చుట్టుకొకసారి కాలిలో ముల్లు గుచ్చుకున్నట్టు కుంటుతుంది. తమరి హయాంలో ఏ రాడ్డూ కిక్కురుమనలేదు.

ఆదివారం మళ్లీ విప్పి, ముందున్న ఇరుసును చూసి కోణం కలుపుతాను. అంతవరకు తమరు అగ్గిపెట్టెలోనే విశ్రమించండి. అది వంటింటి గట్టు మీద ఉంది. మా ఆవిడ పొయ్యి వెలిగించడానికి తెరిస్తే, దయచేసి నా పేరు చెప్పకండి.

ఇట్లు,
తమరి తోపుడు బండి గార్డు