తుపాకీ దించిన చోట మొదలయ్యే కథలు

టైటన్‌ఫాల్ 2 అనే వీడియో గేమ్‌లో ఒకచోట పెద్ద అగాధం అంచున ఆగిపోతాం. ఎంత దూరం నుంచి పరిగెత్తుకొచ్చి దూకినా అవతలికి అందదు. పక్కనున్న బీటీ అనే భారీ రోబో మనల్ని గుప్పిట్లో పట్టుకుని అటువైపు విసురుతానంటుంది. మనం ఆడుతున్న జాక్ కూపర్ జంకుతాడు. నన్ను నమ్ము, అంటుంది బీటీ. అంతే, గాల్లో ఉంటాం. ఆ క్షణంలో చేతిలోని తుపాకీతో ఏ పనీ లేదు. ఎదురుగా కాల్చడానికి శత్రువూ లేడు. కానీ ఆ గేమ్ మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ విసురే. ఒక యంత్రాన్ని నమ్మడం ఎలా ఉంటుందో ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. కాళ్ల కింద నేల లాగేసి చూపించారు.

ఆ గేమ్ 2016 అక్టోబర్ 28న రిలీజైంది. సరిగ్గా వారం ముందు, 21న, బ్యాటిల్‌ఫీల్డ్ 1 వచ్చింది. సరిగ్గా వారం తర్వాత, నవంబర్ 4న, కాల్ ఆఫ్ డ్యూటీ: ఇన్ఫినిట్ వార్‌ఫేర్ వచ్చింది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే. అందులోనూ బ్యాటిల్‌ఫీల్డ్ 1 బయటి పోటీ కూడా కాదు, రెండింటి పబ్లిషర్ ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) కంపెనీయే. సొంత గేమ్‌కు సొంత గేమునే అడ్డం పెట్టుకున్నారు. మొదటి టైటన్‌ఫాల్ (2014)లో విడిగా సింగిల్‌ప్లేయర్ కథే లేదు. రెండోసారి రెస్పాన్ స్టూడియో ఆ లోటు తీర్చాలని పట్టుబట్టి ఒక క్యాంపెయిన్, అంటే ఒక్కరే ఆడుకునే కథాభాగం, తయారు చేసింది. అది ఎంత బాగుందో చాలామందికి తెలిసేసరికి పుణ్యకాలం గడిచిపోయింది.

ఫస్ట్ పర్సన్ షూటర్ల (పాత్ర కళ్లలోంచి చూస్తూ కాల్చే గేముల) గురించి మాట్లాడేటప్పుడు క్యాంపెయిన్‌ను మల్టీప్లేయర్‌కు, అంటే ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడే భాగానికి, తోకలా చూడటం అందరికీ అలవాటైపోయింది. మ్యాపులెన్ని, ఆయుధాలెన్ని, ర్యాంకులు ఎలా ఉన్నాయి అని అడుగుతాం. కథ దగ్గరకొచ్చేసరికి "ఐదారు గంటల్లో అయిపోతుందట" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. నా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. షూటర్ అనే గేమ్ రకానికి ఉన్న అసలు బలం బయటపడింది ఎక్కువగా ఈ పట్టించుకోని క్యాంపెయిన్లలోనే. తెరమీద ఒక మనిషిని చూస్తూ కదిలించడం వేరు, ఆ మనిషి కళ్లలోంచి చూస్తూ కదలడం వేరు. ఈ రెండోదాన్ని కథ చెప్పడానికి వాడుకున్న గేములు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం అమ్మకాల లెక్కల్లో కొట్టుకుపోయాయి.

టైటన్‌ఫాల్ 2లోనే "ఎఫెక్ట్ అండ్ కాజ్" అనే మిషన్ చూడండి. ధ్వంసమైన ఒక పరిశోధన కేంద్రంలోకి వెళ్తాం. ఎటు చూసినా మంటలు, కూలిన గోడలు. కాసేపటికి చేతికి ఒక పరికరం దొరుకుతుంది. బటన్ నొక్కితే అదే గది, ప్రమాదానికి ముందు ఎలా ఉండేదో అలా ప్రత్యక్షమవుతుంది. దీపాలు వెలుగుతుంటాయి, మనుషులు తిరుగుతుంటారు, కాపలావాళ్లు తుపాకులు ఎత్తుతారు. మళ్లీ నొక్కితే శిథిలాలు. వర్తమానంలో మంట దారి మూసేస్తే గతంలోకి వెళ్లి దాటాలి. గతంలో కాపలావాళ్లు చుట్టుముడితే వర్తమానంలోకి జారుకుని, వాళ్ల వెనక తేలాలి. ఇంకాసేపటికి గోడల మీద పరిగెడుతూ, గాల్లో ఉండగానే కాలం మార్చి, ఒక కాలంలో లేని గోడను ఇంకో కాలంలో అందుకోవాలి. ఇదంతా లెక్కవేసుకుని చేసే పని కాదు, రెండు మూడు నిమిషాల్లో వేళ్లకు అలవాటైపోతుంది. ఆ మిషన్ అయ్యాక పరికరాన్ని తీసేసుకుంటారు. ఇంకొకరైతే ఇదే ఆలోచనను సాగదీసి పది గంటల గేమ్ చేసేవాళ్లు. వీళ్లు ఒక్క లెవెల్‌కు వాడి పక్కన పెట్టేశారు. అంతకుముందు లెవెల్లో ఒక ఫ్యాక్టరీ మన చుట్టూ ఇళ్లకు ఇళ్లను బిగిస్తూ పోతుంటే, పక్కకు వాలుతున్న ఆ గదుల్లోనే పోరాడాలి. అదీ మళ్లీ రాదు. ఇలా చేతినిండా ఆలోచనలుండి, దేన్నీ అరగదీయకుండా ముందుకు వెళ్లే ధైర్యం నేను చాలా తక్కువ గేముల్లో చూశాను.

షూటర్లో కథ అనగానే చాలామందికి కట్‌సీన్లు గుర్తొస్తాయి. కాసేపు కాల్చాలి, తర్వాత కంట్రోలర్ పక్కన పెట్టి చూడాలి. నిజానికి మంచి క్యాంపెయిన్ చేసేది ఇందుకు విరుద్ధం. కంట్రోలర్ మన చేతిలోనే ఉంచి, తుపాకీని మాత్రం దించేలా చేస్తుంది.

ఇందుకు ఇప్పటికీ నాకు తోచే గొప్ప ఉదాహరణ 2007లో స్వీడన్‌కు చెందిన స్టార్‌బ్రీజ్ స్టూడియో చేసిన ది డార్క్‌నెస్. కథానాయకుడు జాకీ మాఫియా కోసం హత్యలు చేసే కుర్రాడు. ఆరోజే అతడికి ఇరవై ఒకటో పుట్టినరోజు. శరీరంలో ఏదో చీకటి శక్తి మేల్కొంది, వెనక హంతకులు పడుతున్నారు. అలాంటి రాత్రి ప్రేయసి జెన్నీ కొత్తగా దిగిన ఇంటికి వెళ్తాడు. ఆమె సోఫాలో కూర్చోమంటుంది. టీవీలో పాత సినిమా వస్తుంటుంది, ఆమె భుజం మీద వాలుతుంది. గేమ్ అక్కడ ఏ తొందరా పెట్టదు. ఏ బటనూ నొక్కకుండా ఊరికే కూర్చుంటే సినిమా మొత్తం నడుస్తుంది. లేచి వెళ్లాలా, ఇంకాసేపు ఉండాలా అన్నది పూర్తిగా మన ఇష్టం. మొదటిసారి ఆడినప్పుడు లేవబుద్ధి కాక నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

(ఆడని వాళ్లు ఈ పేరా దాటేయవచ్చు.) ఆ తర్వాత అదే జెన్నీని జాకీ కళ్లెదుటే చంపేస్తారు. అంతవరకూ మనకు బలాన్నిచ్చిన చీకటి శక్తే ఆ క్షణంలో జాకీని కదలకుండా పట్టి ఉంచుతుంది. చూడటం తప్ప మనం చేయగలిగిందేమీ ఉండదు. ఆ సోఫా మీద గడిపిన నిమిషాలే లేకపోతే ఇది మామూలు ప్రతీకారం కథ అయ్యుండేది. జాకీ కోపం ఎవరో చెప్తే తెలిసింది కాదు, మనదే అయిపోతుంది. ఈ స్టూడియో నుంచి బయటికొచ్చిన కొందరు 2009లో మెషీన్‌గేమ్స్ పెట్టి, 2014లో వుల్ఫెన్‌స్టైన్: ది న్యూ ఆర్డర్ చేశారు. కాల్పుల మధ్య మనుషులకు చోటివ్వడం వాళ్లకు ముందునుంచీ ఉన్న అలవాటేనని అది ఆడినవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

టైటన్‌ఫాల్ 2ను ఒక పక్క నుంచి నొక్కేసిన ఇన్ఫినిట్ వార్‌ఫేర్ కూడా నా దృష్టిలో బాధితురాలే. 2016 మేలో విడుదలైన దాని ట్రైలర్‌కు యూట్యూబ్‌లో 30 లక్షలకు పైగా డిస్‌లైకులు పడ్డాయి. మళ్లీ అంతరిక్షమా, ఇక చాలు అన్నది అభిమానుల విసుగు. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు. కానీ దానివల్ల ఆ సిరీస్‌లోకెల్లా మనసుపెట్టి రాసిన క్యాంపెయిన్లలో ఒకటి మూలన పడింది. నిక్ రేయస్ అనే అధికారి అనుకోకుండా ఒక యుద్ధనౌకకు కెప్టెన్ అవుతాడు. మిషన్‌కూ మిషన్‌కూ మధ్య ఆ నౌకలో తిరుగుతాం, తోటివాళ్లను పలకరిస్తాం, తర్వాత ఎక్కడ దాడి చేయాలో మ్యాప్ ముందు నిలబడి మనమే ఎంచుకుంటాం. సిబ్బందిని చావుకు పంపగలిగేవాడే నాయకుడా అన్న ప్రశ్న కథ పొడుగునా నలుగుతుంటుంది. చివరికి వాళ్లలో దాదాపు ఎవరూ మిగలరు. పేర్లు పడుతుండగా, చనిపోయినవాళ్లు ఇంటివాళ్ల కోసం ముందే రికార్డు చేసి పెట్టుకున్న ఆఖరి మాటలు వాళ్ల గొంతుల్లోనే వినిపిస్తాయి. ఆ స్క్రీన్ దాకా రాకుండా మల్టీప్లేయర్‌కు వెళ్లిపోయినవాళ్లను తలచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

కాల్ ఆఫ్ జువారెజ్: గన్‌స్లింగర్ (2013) ఇంకో తోవ పట్టింది. ఇది టెక్‌ల్యాండ్ చేసిన చిన్న గేమ్. 1910లో, కాన్సస్‌లోని అబిలీన్‌లో, బహుమతి డబ్బు కోసం నేరస్థులను వేటాడిన సైలస్ గ్రీవ్స్ అనే ముసలాయన ఒక సెలూన్లో (ఆనాటి అమెరికా మద్యం దుకాణంలో) కూర్చుని తన పాత సాహసాలు చెప్తుంటాడు. మనం ఆడేది ఆ మాటల్నే. వినేవాళ్లలో ఒకడు "అదెలా కుదురుతుంది?" అని అడ్డుపడితే ముసలాయన సర్దుకుంటాడు. వెంటనే మన ముందున్న శత్రువులు మారిపోతారు, కొత్త దారి పుట్టుకొస్తుంది, ఒక్కోసారి చచ్చిన సన్నివేశమే వెనక్కి చుట్టుకుంటుంది. షూటర్లో వందల మందిని ఒక్కడే ఎలా చంపుతాడన్నది ఎప్పుడూ ఉండే ఇబ్బంది. ఇక్కడ దానికి జవాబు దొరికేసింది: చెప్పేవాడు కోతలు కోస్తున్నాడు. ఆ కోతల కింద నిజంగా మానని గాయం ఒకటుందని, ఆయన ఆ సెలూన్‌కు ఊరికే రాలేదని ఆఖర్లో తెలుస్తుంది.

రేవెన్ స్టూడియో సింగ్యులారిటీ (2010) గురించి క్లుప్తంగా చెప్తాను. అందులో 1955 నాటి ఒక అగ్నిప్రమాదంలోకి జారిపడి, మంటల్లో చిక్కుకున్న మనిషిని బయటికి లాగుతాం. షూటర్లో మనం చేసే మొదటి మంచి పని అది. తిరిగి వర్తమానంలోకొస్తే ముందు స్టాలిన్ విగ్రహం ఉన్నచోట మనం కాపాడినవాడి విగ్రహం నిలబడి ఉంటుంది. చరిత్ర మన చేతులమీదుగానే చెడిపోయిందన్నమాట. ఇంత గట్టి ఎత్తుగడతో మొదలైన గేమ్ పెద్దగా ఎవరి కంటా పడలేదు. ఆ తర్వాత రేవెన్‌ను ఏళ్ల తరబడి కాల్ ఆఫ్ డ్యూటీ పనుల్లోకే మళ్లించారు.

నిడివి సంగతి కాస్త మాట్లాడుకోవాలి. 2009లో హేలో 3: ఓడీఎస్‌టీ వచ్చినప్పుడు వినిపించిన ప్రధాన ఫిర్యాదు అది చిన్నగా ఉందని, పూర్తి ధరకు తగినంత లేదని. డబ్బు పెట్టినవాళ్లు అలా అడగడం తప్పు కాదు. కానీ అది ఏం చేసిందో కూడా చూడాలి. హేలో సిరీస్ కథానాయకుడు మాస్టర్ చీఫ్ లాంటి మహావీరుడు అందులో లేడు. పేరు కూడా తెలియని ఒక కొత్త సైనికుడు స్పృహ తప్పి, ఆరు గంటల తర్వాత చీకటి పడ్డ న్యూ మొంబాసా నగరంలో కళ్లు తెరుస్తాడు. వాన, ఖాళీ వీధులు, దూరంగా శాక్సోఫోన్. తోటివాళ్లు ఏమయ్యారో తెలియదు. ఒకచోట విరిగిన ఆయుధం, ఇంకోచోట హెల్మెట్ దొరుకుతాయి. ఒక్కో వస్తువు ముట్టుకున్నప్పుడల్లా పగటిపూట అక్కడ ఏం జరిగిందో ఆడతాం. మళ్లీ చీకట్లోకి, ఒంటరితనంలోకి. ఆ ఒంటరితనం రెట్టింపు నిడివిలో ఉంటే విసుగొచ్చేది. చిన్నకథను నవలంత లేదని తప్పుపట్టం కదా. షూటర్ల విషయంలో మాత్రం గంటకింత అని తూకం వేస్తాం.

మెట్రో 2033 (2010)లో అణుయుద్ధం తర్వాత మాస్కో మెట్రో సొరంగాల్లో బతకడం ఎలా ఉంటుందో మాటలతో కాక వస్తువులతో చెప్తారు. విషపు గాలిలో మాస్క్ ఫిల్టర్ ఎంతసేపు పనిచేస్తుందో చేతి గడియారంలో చూసుకోవాలి. ఆ లోకంలో మంచి తూటాలే డబ్బు. టెన్షన్లో వాటిని పేల్చేశామంటే అక్షరాలా డబ్బు తగలబెట్టినట్టే. బిచ్చమడిగినవాడికి ఒక తూటా ఇచ్చామా, అక్కడివాళ్ల మాటలు ఆగి విన్నామా అన్నది గేమ్ చెప్పకుండా లెక్క రాసుకుంటుంది, ఆఖరి నిర్ణయం మన చేతికి వస్తుందా రాదా అన్నది దాన్నిబట్టి ఉంటుంది.

ఇక డబ్బు లెక్క. క్యాంపెయిన్ తయారీకి నటులు, రచయితలు, ఒక్కసారి మాత్రమే కనిపించే లెవెళ్లు కావాలి. ఆడేవాడు ఒక వారాంతంలో ముగించి లేస్తాడు. అదే ఖర్చుతో మల్టీప్లేయర్ మ్యాపులు చేస్తే జనం ఏళ్లతరబడి ఆడతారు, మధ్యమధ్యలో కొనుక్కుంటూనే ఉంటారు. 2018లో కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ 4 మామూలు క్యాంపెయిన్ లేకుండానే వచ్చింది. 2021లో బ్యాటిల్‌ఫీల్డ్ 2042 కూడా అంతే. వ్యాపారంగా చూస్తే ఆ వాదనను నేను కొట్టిపారేయలేను. అయితే అదే బ్లాక్ ఆప్స్ వరుసలో రెండో గేమ్ (2012) మనం మిషన్‌లో ఓడిపోయినా "మళ్లీ ఆడు" అనకుండా ఆ ఓటమిని కథలో కలుపుకుని ముందుకు సాగింది. ఎవరు బతికారు, ఎవరు పోయారు అన్నదాన్నిబట్టి ముగింపు మారింది. అంత పెద్ద సిరీస్ అంత ధైర్యం చేసిందని ఆ గేమ్ కొన్నవాళ్లలోనే ఎంతమందికి గుర్తుందో.

పైగా మల్టీప్లేయర్ ఆయుష్షు సర్వర్ల చేతిలో ఉంటుంది. మొదటి టైటన్‌ఫాల్‌ను 2021 డిసెంబర్లో అమ్మకం నుంచే తీసేశారు. ఆ రోజుల్లోనే రెండో గేమ్ సర్వర్ల మీదా దాడులు జరిగి, ఆన్‌లైన్ ఆట నరకమైంది. అదే సమయంలో ఎవరైనా క్యాంపెయిన్ తెరిచి ఉంటే, బీటీ మొదటిరోజు విసిరినంత చక్కగానే విసిరి ఉంటుంది. అలాగని క్యాంపెయిన్లకు చావు లేదనీ కాదు. 2000లో మోనోలిత్ చేసిన నో వన్ లివ్స్ ఫరెవర్ ఒక గూఢచారిణి కథ. హక్కులు ఎవరివో తేలక, ఏ డిజిటల్ స్టోర్లోనూ అమ్మకానికి లేకుండా పోయింది. పట్టించుకోకపోతే ఎక్కడిదాకా వెళ్తుందో దాన్ని చూస్తే తెలుస్తుంది.

టైటన్‌ఫాల్ 2 చివర్లో బీటీ కూపర్‌ను మరోసారి గుప్పిట్లోకి తీసుకుని విసురుతుంది. ఈసారి అవతలి ఒడ్డుకు కాదు, తను నాశనమయ్యే చోటు నుంచి దూరంగా. పేర్లన్నీ పడ్డాక కూపర్ హెల్మెట్ ఒక్కటే తెరమీద మిగులుతుంది. దాని లైట్లు మిణుకుమిణుకుమంటాయి. ఆ మిణుకుల సంకేతాన్ని చదివినవాళ్లకు దొరికింది ఒక్క పేరు, ప్రశ్నలా: జాక్? 2019లో అదే లోకంలో ఏపెక్స్ లెజెండ్స్ వచ్చింది, కోట్లమంది ఆడారు, అందులో క్యాంపెయిన్ లేదు. ఆ పిలుపుకు జవాబు చెప్పాల్సిన మూడో టైటన్‌ఫాల్ ఇంతవరకూ రాలేదు.