మేకలు ముట్టని ఇంధనం

దేశానికి రేపు ఏ ఇంధనం కావాలో ప్రభుత్వమే తేల్చాలా, మార్కెట్‌కు వదిలెయ్యాలా అని మేధావులు ఏళ్ల తరబడి వాదులాడుకుంటున్నారు. ఈ వ్యాసకర్త నిస్సంకోచంగా ప్రభుత్వ పక్షం. మార్కెట్‌కు రేపటి ధర తప్ప మరేదీ కనబడదు. ప్రభుత్వానికైతే ఐదేళ్ల భవిష్యత్తు, అనగా మళ్లీ ఎన్నికలు వచ్చేదాకా, అరచేతిలో ఉసిరికాయలా కనబడుతుంది.

ఈ దూరదృష్టికి నిలువెత్తు నిదర్శనం అడవి ఆముదం, అదే జత్రోఫా. 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్, అంటే గింజల నూనెతో చేసే ఇంధనం, కలపాలనీ, అందుకు ఈ మొక్కే తగినదనీ 2003లో ప్రణాళికా సంఘం కమిటీ సూచించింది. బంజరులో పెరుగుతుందన్నారు, నీళ్లు అడగదన్నారు, పశువులు ముట్టవన్నారు. మూడింటిలో మూడోది అక్షరాలా నిజమైంది. ఆ ఆకు తినకూడదని మేకలు ఏ కమిటీనీ వెయ్యకుండానే ఒక పూటలో తేల్చుకున్నాయి. రైతుకు మాత్రం సంగతి తెలియడానికి మూడు నాలుగేళ్లు పట్టింది, ఎందుకంటే మొక్క కాపుకు రావడానికే అంత కాలం కావాలి. నీళ్లు పెట్టని చోట మొక్క బతికింది గానీ చెప్పుకోదగ్గ గింజలు రాలేదు. నీళ్లూ ఎరువూ పెట్టగలిగిన రైతు అదే చేలో పత్తో మిరపో వేసుకుంటాడు గానీ, పుణ్యానికి డీజిల్ పండించడు.

అయినా ప్రభుత్వం ధర విషయంలోనూ అశ్రద్ధ చెయ్యలేదు. 2006 జనవరి నుంచి చమురు సంస్థలు లీటరు బయోడీజిల్‌ను 25 రూపాయలకు కొనేలా విధానం ప్రకటించింది. తయారీకి అంతకన్నా ఎక్కువే అవుతుండడంతో, కొనేవాడు సిద్ధంగా ఉన్నా, కొనుగోలు కేంద్రం తెరిచి ఉన్నా, అమ్మేవాడు మాత్రం రాలేదు. ఇక లక్ష్యం సంగతి: 2009 జీవ ఇంధన విధానం అదే 20 శాతాన్ని 2017కు జరిపింది, 2018 విధానం దాన్ని 5 శాతానికి తగ్గించి 2030కి జరిపింది. ఇదే వేగంతో పోతే సున్నా శాతం లక్ష్యాన్ని గడువుకన్నా ముందే సాధించిన ఘనత మనకు దక్కుతుంది.

మార్కెట్టే మేలనేవారు 2022 మార్చిని తలచుకోవాలి. కరెంటును రోజువారీగా కొని అమ్మే విద్యుత్ ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర 20 రూపాయలను తాకింది. ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 12 రూపాయల దగ్గర అడ్డుకట్ట వేసింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. మార్కెట్ తన పని తాను చక్కగానే చేసింది. కొనలేనివాడెవడో నిమిషాల్లో ఎంపిక చేసింది.

ప్రభుత్వం, మార్కెట్ ఇద్దరూ కలిసి ఎంచుకుంటే ఇంకా బాగుంటుందేమో అనుకునేవారికి కృష్ణా గోదావరి బేసిన్ ఉంది. 2009లో సముద్రం నుంచి గ్యాస్ పైకి వచ్చింది, ప్రభుత్వం కేటాయింపులు చేసింది, పెట్టుబడిదారులు ఆ గ్యాస్‌ను నమ్ముకుని ప్లాంట్లు కట్టారు. గ్యాస్ ఒక్కటే ఈ ఒప్పందంలో సంతకం చెయ్యలేదు. 2015 వచ్చేసరికి దేశంలో దాదాపు 14,300 మెగావాట్ల గ్యాస్ ప్లాంట్లు ఇంధనం లేక కూర్చున్నాయి.

ఒకసారి ఎంచుకున్నదాన్ని మళ్లీ ఎంచుకునే హక్కు కూడా ప్రభుత్వానికి ఉండాలి కదా. పవన విద్యుత్‌కు రాష్ట్ర నియంత్రణ మండలి యూనిట్‌కు ఖరారు చేసిన 4.84 రూపాయలు ఎక్కువని 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి తోచింది. గాలికి 2.43, ఎండకు 2.44 చాలునన్నారు. ఈ రెండో అంకెకు ఒక చరిత్ర ఉంది: 2017లో రాజస్థాన్‌లోని భడ్లా ఎడారిలో వేలంలో పలికిన ధర అది. అదే ఏడాది మన కడప వేలంలో 3.15 పలికింది. ఎడారి ఎండను రాయలసీమ ఎండతో సమానం చెయ్యడమే అసలైన జాతీయ సమైక్యత. హైకోర్టు మధ్యంతరంగా ఆ ధరలకే చెల్లించమన్నా, 2022 మార్చిలో ఉత్పత్తిదారుల పక్షాన తీర్పిచ్చింది. ఆ ధరల తేడా బకాయిలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

అవి ఎక్కడికి చేరతాయో తెలియాలంటే కరెంటు బిల్లును కింది నుంచి పైకి చదవాలి. ట్రూ అప్ అని ఒక పద్దు, ఇంధన సర్దుబాటు అని మరొకటి కనబడతాయి; ముందు వేసిన అంచనాకన్నా అయిన ఖర్చు ఎక్కువైతే ఆ తేడాను తర్వాత రాబట్టే పద్దులివి. 2022-23లో కాల్చిన యూనిట్ల సర్దుబాటును ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు నుంచి వసూలు చేశారు. ఆ ఏడాది ఆ ఇంట్లో మరొకరు అద్దెకుండి ఏసీ వేసుకుని పడుకున్నా సరే, బిల్లు మాత్రం ఆ తర్వాత ఉక్కపోతలో విసనకర్ర పట్టుకున్నవారికే వచ్చింది.

ఇప్పుడిక హరిత హైడ్రోజన్, అంటే ఎండా గాలీ ఇచ్చే కరెంటుతో నీటిని విడగొట్టి తీసే ఇంధనం, వంతు. 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో మిషన్ ఆమోదం పొందింది, 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు లక్ష్యం, విశాఖ దగ్గర పూడిమడకలో 2025 జనవరిలో శంకుస్థాపన కూడా అయింది. కనుక అద్దె ఒప్పందాల నమూనాను ఇప్పుడే సవరించడం అత్యవసరం: కొత్తగా అద్దెకు దిగేవారికి ముందు ఆ వాటాలో ఉన్నవారు ఏ ఇంధన విధానం అమల్లో ఉండగా ఎన్ని యూనిట్లు కాల్చారో యజమాని రాతపూర్వకంగా వెల్లడించాలి, ఆ యూనిట్ల సర్దుబాటును అడ్వాన్సులోంచి మినహాయించాలి.